కాలువల ఈతొస్తె సముద్రంల దిగొచ్చా? గోల్డ్ కోస్ట్‌ల నా అనుభవం

మా దిక్కు సాగర్ అంటె డ్యామే, సముద్రం కాదు. హాలియాల పుట్టి పెరిగినోణ్ని, ఎడమకాలువ నీళ్ల మీద బతికే ఊర్లకు ఎరువులు, విత్తనాలు అమ్ముకునే దుకాణం మాది, చిన్నప్పుడు మా నాయిన నడుముకు బెండ్లు కట్టి మోటబావిల తోసిండు, ఆర్నెల్లకు బెండ్లు ఇప్పేసిన, ఇంటర్‌కొచ్చేసరికి కాలువల ఎదురీదుడు కూడ వచ్చింది. కాబట్టి ఈత సంగతిల నాకు చెప్పెటోడు ఇంక పుట్టలేదనే లెక్కల ఉండేది నా యవ్వారం. యాభై ఎనిమిదేండ్ల వయసుల ఆ లెక్క తప్పింది, అదీ టెన్త్ చదివేంత పిల్ల చేతిల. అందుకే రాస్తున్న, మనోళ్లు చాలమంది ఇప్పుడు పిల్లల దగ్గరికి పోతున్నరు కదా.

మా పెద్దోడు ఆస్ట్రేలియాల గోల్డ్ కోస్ట్‌ల ఉంటడు. బ్రిస్బేన్‌కు దక్షిణాన గంట తొవ్వ. నాలుగేండ్ల సంది రమ్మని ఒకటే పోరు, యాసంగి అయిపోనీ, వానకాలం సీజన్ అయిపోనీ అనుకుంట నేనే జరుపుకుంటొచ్చిన. వీసా గురించి పెద్దగ చెప్పేదేం లేదు, విజిటర్ వీసా, సబ్‌క్లాస్ 600 అంటరు, బ్యాంక్ స్టేట్‌మెంట్లు, ఐటీ రిటర్న్‌లు, పట్టాదార్ పాస్‌బుక్, దుకాణం కాయితాలు అన్నీ మా కోడలే అక్కడ్నించి ఆన్‌లైన్ల ఎక్కించింది. ఈడ మనకు భూమో దుకాణమో ఉన్నదని చూపిస్తె తిరిగిపోతడులే అని నమ్మకం వాళ్లకు. ఎయిర్‌పోర్ట్‌ల కార్డు ఇస్తరు, తినే వస్తువులు ఉంటె ఉన్నయని టిక్ పెట్టాలె, దాస్తె ఫైన్. మేం పెట్టినం. కారప్పొడి చూసి పంపించిన్రు గని సొరగింజల పొట్లం మాత్రం తీసేసుకున్నరు. విత్తనాలు అమ్మెటోనివి నీకు ఆ మాత్రం తెల్వదా అని కొడుకు నవ్విండు. నాకు తెలుసు, మా ఇంటామె బ్యాగుల పెట్టిందని తెల్వదు.

నవంబర్ల చేరినం. అక్కడ నవంబర్ అంటె ఎండకాలం మొదలు, అంతా ఉల్టా. ఎండకాలం అంటె మన నల్లగొండ మే నెల లెక్క 44, 45 కాదు, ఇరవై తొమ్మిది దాటితె వాళ్లు అబ్బో అంటరు. కాకపోతె ఆ ఎండల ఏదో ఉంటది, వేడి తెల్వదు గని చర్మం కాలుతది. ఏండ్లకేండ్లు పొలాలల్ల తిరిగిన ఒళ్లు నాకేమైతది అని మొదటిరోజు క్రీమ్ వద్దన్న, మూడోనాటికి మెడ మీద తోలు ఊసింది. పొద్దు మాత్రం ఐదు కాకముందే పొడుస్తది. కొడుకు కోడలు లేసేసరికి మేమిద్దరం ట్రామ్ ఎక్కి బీచ్ చూసి కూడ వచ్చెటోళ్లం. బస్సుకైనా ట్రామ్‌కైనా 50 సెంట్లే, మన ముప్పై రూపాయలు పెట్టుకో, 2024 సంది ఆ రాష్ట్రమంత అదే రేటు. మా ఇంటామె మొదట్ల ప్రతిదాన్ని రూపాయలల్ల లెక్కేసి టీ తాగుడు కూడ బంద్ చేసింది గని ట్రామ్ దగ్గర మాత్రం ఏం అనలే.

సర్ఫర్స్ పారడైజ్ అని పేరు గల్ల బీచ్ అదే. ఇదివరకు ఆ ఊరి పేరు ఎల్‌స్టన్ అంట, 1933ల మార్చిన్రంట. ఎదురుంగ సముద్రం, వెనక మేడలు. క్యూ1 అనే బిల్డింగ్ 322 మీటర్ల పైన ఉంటది, మన సాగర్ డ్యాం 124, అంటె డ్యాం మీద డ్యాం పెట్టినా అందదు. అంత ఎత్తువి బీచ్ పక్కనే కట్టుకున్నరు కాబట్టి పొద్దు పడమటికి తిరిగితె మేడల నీడలు ఇసుక మీద పడ్తయి, ఆడున్నోళ్లంత దుప్పట్లు ఎత్తుకొని ఎండ ఉన్నకాడికి జరుగుతుంటరు. మేం నీడ దొరికితె చాలనుకునెటోళ్లం, వాళ్లు నీడ నుంచి ఎండలకు ఉరుకుతున్నరు. నాకైతె ఆ బీచ్ అంత నచ్చలే, జాతరల ఉన్నట్టుంటది.

నచ్చింది బర్లీ హెడ్స్. సముద్రంలకు పొడుచుకొచ్చిన గుట్ట, మీద అడివి, కింద నల్లరాయి. రెండు కోట్ల ఏండ్ల కిందటి అగ్నిపర్వతం లావా అంట అది. గుట్ట చుట్టు నడిచే బాట ఉంది, ఆ బాట మీద మా ఇంటామె ఠక్కున ఆగి "ఏమయ్యో, ఇది మొగలిచెట్టు గదా" అన్నది. నిజంగనే మొగలే, పొడుగు ఆకులు, అంచుకు ముండ్లు, కిందికి ఊడల లెక్క దిగిన వేర్లు. ఇంకో జాతి అనుకో, గని మనిషికి పరాయి దేశంల తెలిసిన చెట్టు కనపడితె బంధువు కనపడ్డట్టే. పది నిమిషాలు ఆ చెట్టు కిందనే నిలవడ్డది, పూతుందా పూయదా, పూస్తె వాసనుంటదా అని. నేను ఎగువకు చూస్తుంటె దూరంగ నీళ్లల్ల తెల్లగ చిమ్మింది. తిమింగలం! జూన్ నుంచి నవంబర్ దాక ఈ ఒడ్డు పొంటి పోతయంట, చలికాలంల పైకి పోయి పిల్లలను కని మళ్ల దక్షిణం దిక్కు దిగుతయంట. మేం పోయింది ఆఖరు వారాలు కాబట్టి అదొక్కటే కనపడ్డది. చూడవే అని నేను అరిచేసరికి మునిగింది, ఆమె ఇప్పటికీ నమ్మది.

ఇగ అసలు సంగతి. రెండో వారం, కొడుకు డ్యూటీకి పోయిండు, మేమిద్దరమే ఒక పొడుగు బీచ్‌కు పోయినం. ఏ బీచ్ అని చెప్ప, తప్పు బీచ్‌ది కాదు. ఎర్ర పసుపు జెండాలు రెండు పాతి ఉన్నయి, వాటి నడుమ ఓ యాభై మంది కిక్కిరిసి మునుగుతున్నరు, అలలు మొఖం మీద కొడుతున్నయి. కొడుకు ముందే చెప్పిండు, నాయినా జెండాల నడుమనే దిగాలె అని. నేను చూసిన, జెండాలకు అవతల ఓ వంద గజాలల్ల నీళ్లు మస్తు సాఫ్‌గ ఉన్నయి, అలే లేదు, జర నల్లగ, లోతున్నట్టు, మన కాలువ తీర్గ. ఇంత మంచి జాగ వదిలిపెట్టి గీ అలలల్ల ఎందుకు కొట్టుకుంటున్రు గీళ్లు అనుకున్న. మా ఇంటామె సరుగుడు చెట్టు కింద కూసొని సంత్ర ఒలుచుకుంటుంది. నేను బనీన్ ఇప్పి దిగిన.

నడుము దాక పోయిన, ఇంకో నాలుగు బారలు ఏసిన, మంచిగ అనిపించింది. తిరిగి చూస్తె ఒడ్డు దూరముంది. నేను అంత ఈదలే కదా అనుకున్న. మళ్లి ఒడ్డు దిక్కు ఈదుడు మొదలుపెట్టిన, పది బారలు, ఇరవై బారలు, తల లేపి చూస్తె మా ఇంటామె ఎర్రచీర ముందటి కంటె చిన్నగ కనపడుతుంది. అప్పుడు గుండె జారింది. కాలువల కూడ పారుడు ఉంటది, గని కాలువకు రెండు దిక్కుల గట్టు ఉంటది, ఏటవాలుగ కొట్టుకుంట పోతె ఎక్కడో ఓకాడ చెయ్యి తగుల్తది. ఈడ గట్టేది? నేను పొగరుకొచ్చి ఎదురీదిన, చిన్నప్పటి లెక్క. రెండు నిమిషాలకు రెక్కలు రాళ్లయినయి, ఉప్పునీళ్లు ముక్కుల నుంచి గొంతులకు, దగ్గు. ఇంక నా వల్ల కాదని ఎల్లకిల పడ్డ, అదొక్కటే మంచి పని చేసిన ఆ దినం. తేలుకుంట ఒక చెయ్యి పైకి లేపి ఊపిన.

మా ఇంటామె కూడ చెయ్యి ఊపింది. నవ్వుకుంట. ఇంకో చేతిల ఫోన్ పట్టుకొని వీడియో తీస్తుంది.

నా అదృష్టం, సర్ఫింగ్ బోర్డు మీద ఒక పిల్ల చూసింది. పదిహేను, పదహారేండ్లు ఉంటయేమో. వచ్చి బోర్డు నా దిక్కు నూకింది, పట్టుకో అన్నట్టు సైగ చేసింది, నేను దాన్ని గట్టిగ వట్టిన. ఆ పిల్ల ఒడ్డు దిక్కు తీస్కపోలే, పక్కకు తీస్కపోయింది, ఒడ్డు పొంటి. నాకేమో ప్రాణం పోతుంది, ఈమె ఎటు తీస్కపోతుందిరా అని. ఓ యాభై గజాలు పక్కకు జరిగినంక అలలు దొరికినయి, ఆ అలలే మమ్ముల తోసుకుంట ఒడ్డుకు పడేసినయి. అప్పటికి లైఫ్‌గార్డ్ కూడ ఉరికొచ్చిండు. తిడ్తడేమో అనుకున్న, తిట్టలే. గాలి మంచిగ ఆడుతుందా, నీళ్లు మింగినవా అని చూసిండు, కూసోబెట్టిండు, నా ఇంగ్లీష్ సంగతి సమజయింది ఆయనకు, తడి ఇసుక మీద ఏలుతోని బొమ్మ గీసిండు.

ఆ బొమ్మ ఇట్ల. అలలు ఒడ్డుకు నీళ్లు తెస్తనే ఉంటయి, తెచ్చిన నీళ్లు మళ్ల వెనకకు పోవాలె కదా. నీళ్ల కింద ఇసుక దిబ్బలుంటయి, ఆ దిబ్బల మీద లోతు తక్కువ కాబట్టి ఆడ అలలు విరిగి తెల్లగ నురుగ వస్తది. దిబ్బకు దిబ్బకు నడుమ గండి ఉంటది, లోతు, ఒడ్డున జమైన నీళ్లన్నీ ఆ గండిల నుంచే వెనకకు ఉరుకుతయి. దాన్నే రిప్ అంటరు. లోతు కాబట్టి ఆడ అల విరగదు, అందుకే సాఫ్‌గ నల్లగ కనపడ్తది. అంటె నేను మంచి జాగ అని ఏరుకొని ఏరుకొని దిగింది గండిల. చెరువు కట్ట తెగితె గండికాడ నిలవడ్డోడు ఎవడన్న ఉంటడా, నేను నిలవడ్డ. రిప్ మనిషిని కిందికి గుంజదు, లోపలికి తీస్కపోతది అంతే, అలలు విరిగే వరుస దాటినంక దాని జోరు తగ్గుతది. ఎదురీదొద్దు, తేలాలె, చెయ్యి లేపాలె, ఓపిక ఉంటె పక్కకు ఈదాలె. ఆ దేశంల షార్క్‌ల కంటె రిప్‌లల్లనే ఏటా ఎక్కువమంది పోతరంట. ఇంక ఒక మాట, ఆ జెండాలు శాశ్వతంగ ఒక్కకాడ ఉండవు, ఇసుక దిబ్బలు జరుగుతుంటయి కాబట్టి వాళ్లు నీళ్లను చూసుకుంట పొద్దుకు మాపుకు జెండాలు పీకి వేరేకాడ పాతుతరు. నిన్న దిగిన జాగ కదా అని ఇయ్యాల దిగొద్దు.

ఇంటికొచ్చి కొడుక్కు చెప్పకూడదు అనుకున్నం ఇద్దరం. రాత్రి అన్నం కాడ మా ఇంటామె వీడియో చూపెట్టింది, నాయిన ఎంత దూరం ఈదిండో చూడు అని. వాడు రెండు సెకన్లు చూసి చెంచ కింద పెట్టిండు. నాకు టెన్త్ రిజల్ట్ వచ్చిన రోజు మా నాయిన మొఖం గుర్తొచ్చింది. ఆ వీడియో ఏందో అప్పుడు సమజయింది ఆమెకు, తెల్లందాక ఏడ్చింది, పొద్దుగాల లేసి ఇంక సముద్రం దిక్కు చూస్తె కాళ్లిరగ్గొడ్త అన్నది.

వారం రోజులు పోనియ్యలే. ఆ వారం కొడుకు మమ్ముల కొండలకు తిప్పిండు, బీచ్‌కు గంట దూరంల అడివి ఉంది, స్ప్రింగ్‌బ్రూక్ అని, యునెస్కో లిస్టుల ఉన్న పాత వానల అడివి. ఆడ న్యాచురల్ బ్రిడ్జ్ అనే గుహ ఉంది, గుహ కప్పుకు బొక్కపడి వాగు నీళ్లు ఆ బొక్కల నుంచే లోపలికి దుంకుతయి. మన మల్లెలతీర్థం చప్పుడే, కండ్లు మూసుకుంటె నల్లమలల ఉన్నట్టే ఉంటది. చీకటి పడ్డంక ఆ గుహల గోడ నిండ నీలం చుక్కలు, నక్షత్రాల తీర్గ. మిణుగురులు అనుకున్నం, కావంట, ఒక రకం ఈగ పిల్లపురుగులు, జిగట దారాలు ఏలాడదీసి వెలుతురు చూపెట్టి చిన్న పురుగులను పట్టుకుంటయి. టార్చి కొట్టొద్దు, కొడితె ఆరిపోతయి, మాట్లాడుడు కూడ మెల్లగనే. మా ఇంటామె గుసగుసగ అన్నది, "ఇంత అందంగ మెరిసేది తినడానికేనా". బయటికొచ్చి చూస్తె కోడలు కాలుకు జలగ. ఆ పిల్ల కెవ్వుమన్నది, పుట్టింది హైదరాబాద్‌ల కదా, మామయ్యా మామయ్యా అని ఒకటే ఎగురుడు. నాట్లల్ల నాకు రోజుకు నాలుగు పట్టేవి, గోరుతోని పక్కకు గీకి తీసిన. ఆ ట్రిప్‌ల నా పరువు జరంత నిలవడ్డది ఆడనే.

ఇసుక సంగతి కూడ చెప్పాలె. ఆ ఒడ్డు పొంటి ఇసుక ఊకె ఉండదు, అలలకు దక్షిణం నుంచి ఉత్తరానికి జరుగుతనే ఉంటది, ఏటా 5 లక్షల ఘనపు మీటర్ల దాక. నదుల మూతుల కాడ పడవల కోసం రాళ్లగోడలు కడితె ఆ నడక ఆగుతది, ఒకవైపు మేట, ఒకవైపు కోత. అందుకే సీవే అనే కాడ 1986 సంది పంపులు పెట్టి ఇసుకను నీళ్లతోని కలిపి పైపులల్ల అవతలి ఒడ్డుకు తోలుతున్నరు, దక్షిణాన ట్వీడ్ నది కాడ కూడ 2001 సంది అదే పని. 2025 మార్చిల ఆల్ఫ్రెడ్ తుఫాను వచ్చి బీచ్‌లను గోడ కోసినట్టు కోసి పోయిందంట, ఆ ఇసుకను మళ్ల తెచ్చి పోసుకున్నరు. మా దిక్కు మూసీల ఇసుక రాత్రిపూట ట్రాక్టర్లల్ల మాయమైతది, వీళ్లేమో కోట్లు పెట్టి ఇసుకను సముద్రం ఒడ్డుకు మోస్తున్నరు. మా కొడుకుతోని అంటె పోల్చకు నాయినా అన్నడు.

తర్వాత మా ఇంటామె ఒక షరతు మీద ఒప్పుకున్నది, జెండాల నడుమ, నడుము లోతు, ఆమె ఒడ్డున నిలవడి పేరు పెట్టి పిలిస్తె పలకాలె. మొదలు టాలెబడ్జెరా క్రీక్‌ల దింపిండు కొడుకు, వాగు సముద్రంల కలిసే జాగ, నీళ్లు పచ్చగ అద్దం లెక్క, ఈడ అలలు లేకున్న భయం లేదు, కాకపోతె వాగు మూతి దిక్కు పోతె ఆటుకు గుంజుతది. అంటె సాఫ్‌గ ఉన్న నీళ్లన్నీ చెడ్డయి కాదు, ఎందుకు సాఫ్‌గ ఉన్నయో తెల్వాలె. ఆడ మా ఇంటామె కూడ చీర కుచ్చిళ్లు దోపుకొని మోకాళ్ల దాక దిగింది. తర్వాత పెద్ద బీచ్. అల వచ్చినప్పుడు నిలబడి ఛాతి ఇస్తె ఎత్తి పడేస్తది, తెల్ల నురుగ మీదికొచ్చే ముందే తల వంచి కిందికెల్లి దూరితె వీపు మీదికెల్లి పోతది. చెప్పుడు అల్కగ ఉంది, నాకు పది రోజులు పట్టింది. కాలువ ఈతల తల పైననే ఉంటది, ఈడ తల ముంచుడే ఈత. నీళ్లల్ల దిగే ముందు ఐదు నిమిషాలు నిలవడి చూసుడు కూడ నేర్చుకున్న, ఎక్కడ తెల్లగ ఇరుగుతుంది, ఎక్కడ ఇరగట్లే, నురుగ ఎటు పోతుంది.

అంత నేర్చినంక ఒక నాడు తూర్పుగాలికి నీలం బెలూన్ల లెక్క ఏవో కొట్టుకొచ్చినయి, బ్లూబాటిల్ అంటరు. అరచేతిల పట్టేంత బుడగ, దానికి దారం, ఆ దారం నా మడిమకు చుట్టుకుంది. తేలు కుట్టినట్టే. ఉల్లిగడ్డ రాద్దామన్నది మా ఇంటామె. లైఫ్‌గార్డ్‌లు దారం తీసేసి, సముద్రం నీళ్లతోనే కడిగి, కాలు ఓర్చుకునేంత వేడినీళ్లల్ల ఇరవై నిమిషాలు పెట్టిచ్చిన్రు, మంట దిగింది. వెనిగర్ పోస్తరు కదా అంటె అది ఉత్తరాన ఉండే పెద్ద డేంజర్ రకానికంట, దీనికి పోయొద్దన్నరు.

డిసెంబర్ 31 రాత్రి కూలంగట్టకు పోయినం. అది రాష్ట్రాల సరిహద్దు, ఎండకాలం అవతలి రాష్ట్రం గడియారం గంట ముందు జరుపుతది, ఇవతలోళ్లు జరపరు. అవతల హ్యాపీ న్యూ ఇయర్ అని రోడ్డు దాటి వచ్చి గంటాగి మళ్ల హ్యాపీ న్యూ ఇయర్. హాలియాకు ఫోన్ చేస్తె మా తమ్ముడు ఇంకా బువ్వ కూడ తినలేదన్నడు.

ఫిబ్రవరిల వచ్చినం. దుకాణంల కూసుంటె వచ్చినోళ్లంత సముద్రం ఎట్లుంది సేటు అనే అడుగుడు. మా ఇంటామె తీసిన వీడియో నా ఫోన్ల ఉంది, తీసెయ్యలే. మొన్న యూరియాకొచ్చిన మా అల్లుని వరసాయనకు చూపెట్టిన, నేను చెయ్యి ఊపేకాడ ఆపిన, ఏం చెప్పకుండనే. వాడు ఫోన్ దగ్గరికి తీస్కొని, రెండు ఏళ్లతోని పెద్దగ చేసి, నల్లటి పట్టీ మీద బొటనేలు పెట్టిండు.

"మామా, గీ జాగ మస్తుందే, అలే లేదు. నేనైతె గీడనే దిగుత."